అంతర వికిరణ చికిత్సా పరికరాల నాణ్యతా పూచీ: ఉత్తరాంధ్ర నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం: క్యాన్సర్ కణితికి అతి సమీపంలో వికిరణాన్ని ఉంచి చేసే చికిత్సను బ్రాకీథెరపీ అంటారు. ఇందులో పరికరం చేసే చిన్న పొరపాటు రోగి శరీరంలో పెద్ద తేడాగా మారుతుంది. ఆ పరికరాన్ని రోజూ, నెలకోసారి, సోర్సు మార్చిన ప్రతిసారీ ఎందుకు పరీక్షిస్తారో, ఏమేమి పరీక్షిస్తారో, పరీక్ష తప్పితే చికిత్సను ఎందుకు ఆపుతారో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రోగుల అనుభవాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సమాచారాన్ని రోగికి తెలుగులో ఎలా చెప్పవచ్చునన్న అంశం కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: బ్రాకీథెరపీ, ఇరిడియం-192, అర్ధాయువు, వెల్ చాంబర్, నాణ్యతా పూచీ, ఉత్తరాంధ్ర, వైద్య తెలుగు.

1. ప్రవేశిక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో వికిరణ చికిత్స చేయించుకోవడాన్ని "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. ఆ మాట ఎప్పుడు పుట్టిందో గాని, జనం నోట స్థిరపడిపోయింది. డాక్టర్లు కూడా రోగులతో అదే మాట వాడుతున్నారు. బయటి నుంచి కిరణాలు పంపే యంత్రం విషయంలో ఈ మాట కొంతవరకు సరిపోతుంది. ఎందుకంటే లీనియర్ యాక్సిలరేటర్ విద్యుత్తుతోనే పనిచేస్తుంది. స్విచ్ ఆపితే కిరణం ఆగిపోతుంది. అంతర వికిరణ చికిత్స సంగతి వేరు. అందులో కిరణాన్ని ఇచ్చేది ఒక చిన్న లోహపు ముక్క. దానికి స్విచ్ లేదు. అది రాత్రీ పగలూ వెలువరిస్తూనే ఉంటుంది. యంత్రం చేసే పని దాన్ని కావలసిన చోటికి తీసుకువెళ్లడం, కావలసినంత సేపు ఉంచడం, తిరిగి భద్రమైన పెట్టెలోకి తేవడం మాత్రమే.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. పలాస దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకు కొన్నేళ్ల క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. అయిదు వారాలు బయటి కిరణాల చికిత్స అయ్యాక అంతర చికిత్సకు ఒక తేదీ ఇచ్చారు. ఆ ఉదయం ఆమె ఏమీ తినకుండా వచ్చి కూర్చుంది. పదకొండు గంటలకు ఒక ఉద్యోగి వచ్చి, ఈరోజు చేయడం లేదని, మూడు రోజుల తర్వాత రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. "ఏటి నాయనా, కరెంటు పోనాదేటి?" అని ఆమె నన్ను అడిగింది. జవాబు నా దగ్గర లేదు. ఆసుపత్రి నిర్లక్ష్యమని కోపంతో ఒక ఫిర్యాదు రాశాను. ఆ రోజు ఉదయపు పరీక్షలో సోర్సు నిర్దేశించిన చోటికి మూడు మిల్లీమీటర్ల అవతల ఆగిందని, అందుకే చికిత్స ఆపారని చాలా కాలం తర్వాత తెలిసింది. అంటే ఆ రోజు అక్కడ జరగవలసిన పని సరిగానే జరిగింది. అది మాకు అర్థమయ్యేలా చెప్పే పని మాత్రం జరగలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ రెండో లోపమే.

2. దగ్గరగా ఉంచడం వల్ల మేలు, ముప్పు

బ్రాకీ అన్నది గ్రీకు భాషలో 'తక్కువ దూరం' అన్న అర్థాన్నిచ్చే పదం. 1898లో మేరీ, పియర్ క్యూరీలు రేడియంను కనుగొన్న కొద్ది ఏళ్లకే దాన్ని చర్మవ్యాధులపైనా, తర్వాత కణితులపైనా ప్రయోగించడం మొదలైంది. నాటి పద్ధతిలో డాక్టరు చేతితోనే రేడియం సూదులను గుచ్చేవారు. దాని ఫలితాన్ని డాక్టర్లు, నర్సులు తమ వేళ్లపై అనుభవించారు. ఇప్పుడు ముందుగా ఖాళీ గొట్టాలను, అంటే అప్లికేటర్‌ను, రోగి శరీరంలో అమరుస్తారు. స్కాన్ తీసి, ఎక్కడ ఎంతసేపు సోర్సు ఉండాలో లెక్క వేస్తారు. ఆ తర్వాత సిబ్బంది అంతా గది బయటికి వచ్చి తలుపు మూసుకున్నాకే యంత్రం సోర్సును పంపుతుంది. ఈ యంత్రం పేరు రిమోట్ ఆఫ్టర్‌లోడర్.

దగ్గరగా ఉంచడం ఎందుకు? దీపానికి దూరం జరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. దీన్నే విలోమ వర్గ నియమం అంటారు. కణితిలోనే దీపం పెడితే కణితికి ఎక్కువ, పక్కనున్న మూత్రాశయానికీ మలాశయానికీ తక్కువ చేరుతుంది. చికిత్స మేలంతా ఇందులోనే ఉంది. ముప్పు కూడా ఇందులోనే ఉంది. బయటి యంత్రంలో కిరణం పుట్టే చోటు రోగిలోని కణితికి ఒక మీటరు దూరంలో ఉంటుంది. అక్కడ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే దూరం వల్ల వచ్చే తేడా 0.2 శాతం. అదే సోర్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న కణజాలం ఒక మిల్లీమీటరు దగ్గరైతే మోతాదు సుమారు 23 శాతం పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు దూరమైతే 17 శాతం తగ్గుతుంది. అయిదు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నది నాలుగు మిల్లీమీటర్లకు వస్తే పెరుగుదల 56 శాతం. ఇవి ఒకే బిందువు లాంటి సోర్సుకు వేసిన లెక్కలు. నిజ చికిత్సలో సోర్సు అనేక చోట్ల ఆగుతుంది కాబట్టి తేడా కొంత సర్దుకుంటుంది. అయినా తప్పు జరిగే అవకాశం ఏ స్థాయిలో ఉందో వీటివల్ల తెలుస్తుంది.

అయిదు మిల్లీమీటర్ల ఉదాహరణ ఉత్తరాంధ్ర పాఠకులకు ఊహామాత్రం కాదు. చుట్ట వెలిగించిన కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చే 'అడ్డపొగ' అలవాటు ఈ తీరప్రాంతపు పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో తరతరాలుగా ఉంది. దానివల్ల అంగిలిపై వచ్చే మార్పులను గురించి పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచ వైద్య సాహిత్యంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. అంగిలిపై పలుచగా వ్యాపించిన కణితికి, తగిన సందర్భాలలో, కట్టుడు పళ్ల పలక వంటి అచ్చు తయారుచేసి, అందులో సన్నని గొట్టాలు అమర్చి వికిరణం ఇస్తారు. అక్కడ సోర్సుకూ కణితికీ మధ్య దూరం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. అచ్చు సరిగా అతుక్కోకపోయినా లెక్క మారిపోతుంది.

3. 'హామీ' కాదు, 'పూచీ'

ఆంగ్లంలో క్వాలిటీ అష్యూరెన్స్ అనే దాన్ని తెలుగులో 'నాణ్యతా హామీ' అని అనువదిస్తున్నారు. భాషాధ్యయన విద్యార్థిగా నాకు ఈ మాట రుచించదు. హామీ అన్నది జరగబోయే దాని గురించి ఇచ్చే మాట. ఎన్నికలలో విని విని దాని బరువు కూడా తగ్గిపోయింది. పూచీ అంటే, తప్పు జరిగితే బాధ్యత తనదని ముందే ఒప్పుకొని కాగితం మీద సంతకం పెట్టడం. పూచీకత్తు అన్న మాటలో ఆ అర్థం భద్రంగా ఉంది. వైద్య భౌతిక శాస్త్రవేత్త ప్రతి ఉదయం పరీక్షలు చేసి పట్టికలో సంతకం చేయడం సరిగ్గా ఇటువంటిదే. అందుచేత ఈ వ్యాసంలో 'నాణ్యతా పూచీ' అనే వాడుతున్నాను.

సంతలో కాటా మీద తూనికల శాఖ ముద్ర ఉందో లేదో చూసి బేరం చేసే రైతుకు ఈ భావం కొత్తది కాదు. అయితే ముద్ర వేసిన రాయి బరువు రేపు కూడా అంతే ఉంటుంది. మనం మాట్లాడుతున్న సోర్సు బలం రేపటికి తగ్గిపోతుంది. ఇక్కడి నుంచి అసలు విషయం మొదలవుతుంది.

4. రోజూ తరిగే సోర్సు

మన దేశంలో ఎక్కువగా వాడే సోర్సు ఇరిడియం-192. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరు లోపు. సన్నని ఉక్కు తీగ కొసన అతికించి ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు దాని బలం సాధారణంగా 10 క్యూరీలు. అర్ధాయువు 73.8 రోజులు, అంటే అన్ని రోజులు గడిచేసరికి బలం సగమవుతుంది. రోజుకు సుమారు 0.93 శాతం తరుగుదల. కొత్త సోర్సుతో పది నిమిషాలు పట్టే చికిత్సకు నెల రోజుల తర్వాత 13 నిమిషాల 15 సెకన్లు పడుతుంది. మూడు నెలల తర్వాత 23 నిమిషాలకు పైగా పడుతుంది. అందుకే మూడు నాలుగు నెలలకు ఒకసారి సోర్సును మారుస్తారు. వచ్చిన ప్రతి కొత్త సోర్సుకూ తయారీదారు బలాన్ని తెలిపే పత్రం ఇస్తాడు. ఆసుపత్రి ఆ పత్రాన్ని చూసి సరిపెట్టుకోకూడదు. తానే మళ్లీ కొలవాలి. రెండు విలువల మధ్య తేడా మూడు శాతం దాటితే కారణం వెతకాలి. అయిదు శాతం దాటితే సంగతి తేలేవరకు రోగికి వాడకూడదు.

కొలిచే సాధనం వెల్ చాంబర్. పేరుకు తగ్గట్టే అది చిన్న బావి ఆకారంలో ఉండే అయనీకరణ గది. సోర్సును బావి నడుమకు పంపితే చుట్టూ ఉన్న గాలి అయనీకరణం చెంది అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఎలక్ట్రోమీటర్ కొలుస్తుంది. బావిలో సోర్సు ఎంత లోతున ఉంటే స్పందన గరిష్ఠమో ముందుగా అంగుళం అంగుళం కాదు, మిల్లీమీటర్ల లెక్కన జరిపి కనుక్కోవాలి. ఈ చాంబర్‌ను, ఎలక్ట్రోమీటర్‌ను గుర్తింపు పొందిన ప్రయోగశాలకు నిర్ణీత కాలానికి పంపి అంశాంకనం చేయించాలి. లేకపోతే దొంగ రాయితో తూకం వేసినట్టే.

చాలా చాంబర్లలో గాలి బయటి వాతావరణంతో కలిసి ఉంటుంది. ఎండ పెరిగితే లోపలి గాలి పలుచనై స్పందన తగ్గుతుంది; వాయుపీడనం తగ్గినా అంతే. 20 డిగ్రీల దగ్గర అంశాంకనం చేసిన చాంబర్‌ను 25 డిగ్రీల గదిలో వాడితే 1.7 శాతం సవరణ చేయాలి. మన తీరం బంగాళాఖాతపు అల్పపీడనాలకు దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టాపాస్కళ్లు. సవరణ చేయకపోతే ఆ పీడనం దగ్గర కొలత ఆరు శాతం పైగా తక్కువ చూపుతుంది. తుపాను కేంద్రంలో కూర్చుని ఎవరూ సోర్సును కొలవరు, నిజమే. కాని వాయుగుండం పట్టిన మామూలు ముసురు రోజున కూడా ఒక శాతం పైచిలుకు తేడా వస్తుంది. గోడకు తగిలించిన బారోమీటరు సరైనదేనా అన్న ప్రశ్న కూడా అందుకే నాణ్యతా పూచీలో భాగమవుతుంది.

ఇంకొక చిక్కు తేదీ. సోర్సు బలం ఒక నిర్దిష్టమైన తేదీకి, గంటకు చెప్పబడుతుంది. అక్కడి నుంచి తరుగుదలను కంప్యూటరు లెక్కిస్తుంది. మనం రోజును ముందు రాస్తాం. కొన్ని దేశాలు నెలను ముందు రాస్తాయి. మే 4 అని ఇవ్వవలసిన ప్రామాణిక తేదీ ఏప్రిల్ 5గా కంప్యూటరులోకి ఎక్కిందనుకుందాం. 29 రోజుల తరుగుదల అదనంగా జరిగిపోయిందని యంత్రం భావించి, సోర్సును అవసరానికి మించి 31 శాతం ఎక్కువ సేపు ఉంచుతుంది. తెర మీద అన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి. ఈ తప్పును పట్టుకోవడానికి పెద్ద సాధనం అక్కరలేదు. తరుగుదల పట్టికను విడిగా వేసి గోడకు అంటించుకొని, ప్రతి ఉదయం తెర మీది విలువతో సరిపోల్చుకుంటే చాలు. ఎంత ఖరీదైన యంత్రం ఉన్నచోటనైనా ఈ చేతిపట్టిక ఉండాలని నా అభిప్రాయం.

కొన్ని కేంద్రాలు ఇరిడియంకు బదులు కోబాల్ట్-60 సోర్సును ఎంచుకుంటున్నాయి. దాని అర్ధాయువు 5.27 సంవత్సరాలు, నెలకు సుమారు ఒక శాతమే తరుగుతుంది. మూడు నెలలకొకసారి దిగుమతి, రవాణా, కొత్త అనుమతి అనే తిప్పలు తగ్గుతాయి. అయితే దాని కిరణాలు శక్తిమంతమైనవి కావడం వల్ల గది గోడలు మరింత మందంగా ఉండాలి. పైగా సోర్సు అయిదేళ్లుంటుందని అంశాంకనాన్ని మరిచిపోయే ప్రమాదం ఉంది. తీగ, గొట్టాలు, మోటారు అరిగిపోవడానికి అర్ధాయువుతో పనిలేదు కదా.

5. సోర్సు ఎక్కడ ఆగుతోంది?

ఆఫ్టర్‌లోడర్ నుంచి అప్లికేటర్ వరకు సోర్సు ప్రయాణించే దారి ట్రాన్స్‌ఫర్ ట్యూబు. తీగ ఎంత పొడవు బయటికి వెళ్లిందన్నదే యంత్రానికి తెలుసు. రోగి శరీరంలో ఎక్కడ ఉందన్నది తెలియదు. ట్యూబు పొడవు తప్పయితే, లేదా వేరే అప్లికేటర్‌కు చెందిన ట్యూబు తగిలిస్తే, యంత్రం తన లెక్క ప్రకారం సరిగ్గానే ఆగుతుంది, కాని కణితి దగ్గర కాదు. అందుకే ప్రతి ట్యూబు పొడవును కొలిచి నమోదు చేస్తారు. నకిలీ తీగను ముందుగా పంపి దారిలో అడ్డంకి లేదని నిర్ధారించుకున్నాకే అసలు సోర్సును పంపుతారు.

రోజువారీ పరీక్షకు గీతలున్న కొలబద్ద వంటి పరికరం వాడతారు; సోర్సు ఏ గీత దగ్గర ఆగిందో కెమెరాలో చూస్తారు. మరింత నిశితమైన పరీక్షకు వికిరణం తగిలితే రంగు మారే ఫిల్ము ఉంది. అప్లికేటర్‌ను దానిపై పెట్టి సోర్సును పంపితే ఆగిన ప్రతిచోటా మచ్చ పడుతుంది. ఆ మచ్చల నడిబిందువులను కొలుస్తారు. అనుమతించే తేడా సాధారణంగా 1 మి.మీ., కొన్ని మార్గదర్శకాలలో 2 మి.మీ. బియ్యపుగింజ అడ్డకొలత దాదాపు రెండు మిల్లీమీటర్లు. మా మేనత్త విషయంలో వచ్చిన మూడు మిల్లీమీటర్ల తేడా ఏ ప్రమాణం ప్రకారమైనా అంగీకారయోగ్యం కాదు.

ఇక్కడ ఒక సూక్ష్మ భేదం చెప్పాలి. సోర్సు గొట్టం వెంబడి ముందుకో వెనక్కో జరగడం వేరు. గొట్టమే పక్కకు జరగడం వేరు. రెండో దానిలో విలోమ వర్గ నియమపు దెబ్బ నేరుగా తగులుతుంది. మొదటిదానిలో చికిత్స జరగవలసిన పొడవంతా ఒక పక్కకు జరుగుతుంది. ఒక కొసన కణితికి మోతాదు చాలదు, రెండో కొసన ఆరోగ్యవంతమైన కణజాలానికి అనవసరంగా తగులుతుంది. గర్భాశయ ముఖద్వార చికిత్సలో వాడే ఉంగరం ఆకారపు అప్లికేటర్‌లో మరో విశేషం ఉంది. వంపులో నకిలీ తీగ ఒక అంచును, సోర్సు తీగ మరో అంచును ఒరుసుకుంటూ వెళ్లవచ్చు. నకిలీ తీగతో తీసిన చిత్రాన్నే నమ్మితే తేడా వస్తుంది. కనుక కొత్త అప్లికేటర్ వచ్చినప్పుడు అసలు సోర్సుతోనే పరీక్షించాలి. పదేపదే శుద్ధి చేయడం వల్ల అప్లికేటర్ మరలు వదులవుతాయి, కొసలు పగులుతాయి. ఈ పరిశీలనకు భూతద్దం, ఓపిక చాలు.

సోర్సు ఆగే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో సరిచూస్తారు. ఇప్పటి యంత్రాలలో కాలం తప్పడం అరుదు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు.

6. తిరిగి వచ్చిందా?

1992 నవంబరు 16న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఇండియానా అనే పట్టణంలో ఒక వృద్ధురాలికి ఇరిడియం-192తో చికిత్స జరిగింది. చికిత్స మధ్యలో సోర్సు తీగ విరిగింది. సోర్సు ఆమె శరీరంలోని గొట్టంలోనే ఉండిపోయింది. తీగ మాత్రం వెనక్కి వచ్చింది కాబట్టి యంత్రం అంతా భద్రమని చూపింది. గోడ మీది వికిరణ సూచిక హెచ్చరిక దీపం వెలిగించింది. అది అంతకుముందు తప్పుడు హెచ్చరికలు ఇచ్చి ఉండడంతో సిబ్బంది నమ్మలేదు. తెర చూపినదే నిజమనుకున్నారు. చేతితో పట్టుకొని కొలిచే సర్వే మీటరు అక్కడే ఉంది. దాన్ని రోగి దగ్గరికి ఎవరూ తీసుకువెళ్లలేదు. ఆమెను తిరిగి వృద్ధాశ్రమానికి పంపారు. సుమారు నాలుగు రోజుల తర్వాత గొట్టం ఊడి వస్తే వైద్య వ్యర్థాలలో వేశారు. నవంబరు 21న ఆమె మరణించింది. మొత్తం 18 గ్రేలు ఇవ్వాలనుకున్న చోట ఒక సెంటీమీటరు దూరంలో సుమారు 16,000 గ్రేలు చేరాయని తర్వాతి విచారణలో లెక్కతేలింది. వ్యర్థాల లారీ ఒహాయో రాష్ట్రంలోని ఒక కేంద్రానికి చేరి, అక్కడి సూచిక మోగినప్పుడుగాని సోర్సు పోయిందన్న సంగతే ఎవరికీ తెలియలేదు. ఈలోగా తొంభై మందికి పైగా మనుషులు వికిరణానికి లోనయ్యారు.

నా దృష్టిలో ఈ ఉదంతంలో తీగ విరగడం కంటే ముఖ్యమైన విషయం వేరొకటి ఉంది. తప్పుడు హెచ్చరిక ఇచ్చే సాధనాన్ని బాగుచేయకుండా ఉంచితే, అది నిజం చెప్పిన రోజున కూడా ఎవరూ వినరు. కనుక గోడ సూచికను పరీక్షించడం, సర్వే మీటరు బ్యాటరీ చూడడం లాంటి పనులను చిన్నవిగా భావించకూడదు. నేడు చికిత్స ముగిసిన ప్రతిసారీ రోగిని, గదిని సర్వే మీటరుతో కొలిచిన తర్వాతే బయటికి పంపాలన్న నియమం అంతటా ఉంది. చికిత్స గదిలో సీసపు పాత్ర, పొడవాటి పట్టకారు, తీగ కత్తిరించే సాధనం సిద్ధంగా ఉంచుతారు. సోర్సు లోపల చిక్కుకుంటే ఎవరు లోపలికి వెళ్లాలి, ఎవరు గడియారం చూడాలి, అప్లికేటర్‌ను ఎవరు తీయాలి అన్నది ముందుగానే సాధన చేసి ఉండాలి. ఆ క్షణాన పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు.

తలుపు తెరిస్తే సోర్సు వెంటనే వెనక్కి రావాలి; ఈ ఇంటర్‌లాక్‌ను రోజూ పరీక్షిస్తారు. అత్యవసర బొత్తాన్ని నొక్కి చూస్తారు. విద్యుత్తు పోయినా సోర్సు వెనక్కి వచ్చేలా యంత్రంలో బ్యాటరీ ఉంటుంది. అదీ పనిచేయకపోతే చేతితో తిప్పే మర ఉంటుంది. హుద్‌హుద్ తర్వాత విశాఖలోనూ, 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత పలాస, సోంపేట ప్రాంతాల్లోనూ రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవారికి బ్యాటరీ పరీక్ష ప్రాధాన్యం వివరించనక్కరలేదు. మా మేనత్త అడిగిన ప్రశ్నలో నేను అనుకున్నంత అమాయకత్వం లేదని ఇది తెలిశాక గాని గ్రహించలేదు.

7. నియంత్రణ, మనుషులు, దూరం

మన దేశంలో ఈ పరికరాలపై నియంత్రణాధికారం 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. 1962 అణుశక్తి చట్టం, 2004 వికిరణ రక్షణ నియమాలు ఇందుకు ఆధారంగా ఉంటూ వచ్చాయి. గది నిర్మాణ నమూనా మొదలు పాత సోర్సును తయారీదారుకు తిప్పి పంపేవరకు ప్రతి దశకూ అనుమతి ఉండాలి. ప్రతి కేంద్రంలోనూ వికిరణ భద్రతాధికారి ఉండాలి. పాత సోర్సుకు లెక్క చెప్పడం ఎందుకంత ముఖ్యమో 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో జరిగిన ఘటన చూపింది. అక్కడికి చేరిన కోబాల్ట్-60 ఆసుపత్రిది కాదు, విశ్వవిద్యాలయపు పాత పరికరంలోది. అయినా ఒక ప్రాణం పోయింది.

నియమాలు ఉన్నా, వాటిని నడిపేది వైద్య భౌతిక శాస్త్రవేత్త. రోగి ఆయనను చూడడు. బిల్లులో ఆయన పేరుండదు. ఉదయం రోగులు రాకముందే పరీక్షలు ముగించి, తప్పు కనిపిస్తే ఈరోజు చికిత్స లేదని చెప్పగల అధికారం ఆయనకు ఉండాలి. అధికారం కాగితం మీద ఉంటే సరిపోదు. బయట ముప్పైమంది కూర్చుని ఉన్నప్పుడు ఆ మాట అనగలిగే వాతావరణం ఉండాలి. నాలాంటి వాళ్లు రాసే ఫిర్యాదులు ఆ వాతావరణాన్ని చెడగొడతాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అయితే రోగి వైపు లెక్క కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోగులు ఎక్కువగా విశాఖపట్నం ఆసుపత్రుల మీదనే ఆధారపడతారు. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి రావడం వల్ల ముంబై ప్రయాణాలు తగ్గాయి. అయినా ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దారి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బయటి చికిత్స, అంతర చికిత్స కలిపి ఎనిమిది వారాలలో ముగియాలని వైద్యులు ప్రయత్నిస్తారు. ఆలస్యం పెరిగేకొద్దీ వ్యాధి అదుపు తగ్గుతుంది. జీడితోటలో కూలి మానుకొని, తోడుకు మరొకరిని తీసుకొని వచ్చిన స్త్రీకి మూడు రోజుల వాయిదా అంటే ఇద్దరి కూలి, సత్రం ఖర్చు, ఒక్కోసారి మళ్లీ రాకపోవడం. పరీక్ష తప్పిన యంత్రంతో చికిత్స చేయరాదు. కాని పరీక్ష తప్పడాన్ని తగ్గించే నివారణ మరమ్మతులు, విడిభాగాల నిల్వ, వాయిదా పడిన రోగికి బస కల్పించడం కూడా నాణ్యతా పూచీ పరిధిలోకే వస్తాయని నా వాదన. మార్గదర్శకాలు మిల్లీమీటర్లకూ శాతాలకూ పరిమితులు చెబుతాయి. రోగి ఎదురుచూసే రోజులకు ఆ పట్టికలో గడి లేదు.

8. చెప్పవలసిన నాలుగు మాటలు

రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి మన ప్రాంతంలో 'అణు', 'రేడియేషన్' అన్న మాటలు భయంతో కలిసే వినిపిస్తున్నాయి. ఆ చర్చ ఈ వ్యాసపు పరిధి కాదు. కాని అదే మాట ఆసుపత్రిలో ఎదురైనప్పుడు రోగి మౌనంగా భయపడతాడు. ఇంటికి వెళ్లాక పిల్లలను దగ్గరికి తీసుకోవచ్చా అని అడగడానికి సంకోచిస్తాడు. సోర్సు తిరిగి పెట్టెలోకి వెళ్లిపోయాక రోగి శరీరంలో వికిరణం మిగలదని, పిల్లలను ఎత్తుకోవచ్చునని ఒక వాక్యంలో చెప్పవచ్చు. శరీరంలో శాశ్వతంగా గింజలు అమర్చే పద్ధతి వేరే ఉంది. దానికి జాగ్రత్తలు వేరు.

చికిత్స వాయిదా పడిన రోజున ఇవ్వడానికి ఒక చీటీ నమూనాను, ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తల సలహాతో ఇలా రాశాను:

"లోపల పెట్టే చికిత్సలో ఒక చిన్న లోహపు ముక్కను యంత్రం తీగతో మీ శరీరంలోని గొట్టంలోకి పంపి, లెక్క ప్రకారం ఉంచి, వెనక్కి తెస్తుంది. అది సరైన చోటికి వెళ్తోందో లేదో రోజూ పొద్దున్నే, రోగి లేకుండా పరీక్షిస్తాం. ఈరోజు పరీక్షలో తేడా కనిపించింది. సరిచేసి, మళ్లీ పరీక్షించిన తర్వాతే మీకు చికిత్స చేస్తాం. ఇంతకుముందు చేసిన చికిత్సలో ఈ తేడా ఉందేమో కూడా చూసి మీకు చెబుతాం. మీరు మళ్లీ రావలసిన తేదీ ఇది. బస కావాలంటే ఈ గదిలో అడగండి."

ఇందులో అయిదో వాక్యం గురించి భౌతిక శాస్త్రవేత్తలలో ఒకరు అభ్యంతరం చెప్పారు. అది రోగిలో లేనిపోని అనుమానం పుట్టిస్తుందన్నారు. రెండోవారు ఉండాలన్నారు. నిన్న యంత్రం సరిగా ఉందని నిన్నటి పట్టిక చెబుతుంది కాబట్టి దాచవలసిందేమీ లేదన్నది ఆయన మాట. నేను ఉంచాను. 'సోర్సు' అన్న మాటను మాత్రం ఇద్దరూ తీసేయమన్నారు. దాని స్థానంలో 'లోహపు ముక్క' వచ్చింది. మేనత్తకు చదివి వినిపించినప్పుడు ఆమె 'వెనక్కి తెస్తుంది' అన్న చోట ఆపి, "మళ్లీ తీసేత్తారన్నమాట" అంది. నాలుగుసార్లు ఆ చికిత్స చేయించుకొని, ఇన్నేళ్లూ ఆ ముక్క తన లోపలే ఉందనుకుందట.

ఈ చీటీ తెలుగులో ఉంటే సరిపోదు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవారున్నారు. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చే సవర స్త్రీలున్నారు. ఈ ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చారు. అది 1938లో వెలువడింది. అందులో వికిరణానికి మాట ఉండే అవకాశం లేదు. లోహపు ముక్క, తీగ, వెనక్కి తేవడం అనే మాటలతో పని జరుగుతుందేమోనని సీతంపేటకు చెందిన ఒక సవర ఉపాధ్యాయునితో కలిసి ఇప్పుడు ఆ అనువాదం మొదలుపెట్టాం.